ఇంగ్లీషు మాటకు శుద్ధమైన అర్థం ఉంటుందా?

ప్రశ్న: 'డెసిమేట్' అంటే పదిమందిలో ఒకరిని చంపడం మాత్రమేనని, భారీగా నాశనం చేయడమనే అర్థంలో వాడితే తప్పని ఇంగ్లీషు మాస్టార్లు కొందరు చెబుతుంటారు. పేపర్లు చూస్తే అన్నీ ఆ రెండో అర్థంలోనే రాస్తున్నాయి. ఏది కరెక్టు? మాటకు కల్తీలేని అసలు అర్థం అంటూ ఒకటి ఉంటుందా? ఉంటే దాన్ని ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: ముందు సూటిగా చెప్పుకుందాం. పేపర్లవాళ్లు రాస్తున్నది తప్పు కాదు. మాస్టార్లు చెప్పే పాత కథా అబద్ధం కాదు. ఆ కథను పట్టుకుని ఇప్పటి వాడుక తప్పని తీర్పు ఇవ్వడంలోనే చిక్కంతా ఉంది. పాతది కాబట్టి అదే అసలు అర్థం, అదే శుద్ధమైన అర్థం అనుకోవడం చాలా కాలంగా ఉన్న అలవాటు. ఆ అలవాటు ఎక్కడ పుట్టింది, ఎందుకు నిలబడదు, అయినా అందులో పట్టించుకోవాల్సిందేమైనా ఉందా అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంతకీ 'డెసిమేట్' కథేమిటి?

రోమన్ సైన్యంలో ఏదైనా దళం యుద్ధం నుంచి పారిపోయినా, తిరగబడినా ఒక ఘోరమైన శిక్ష వేసేవారు. సైనికుల్ని పదేసి మంది చొప్పున విడదీసి చీట్లు వేయించేవారు. చీటీ ఎవరికి పడితే వాణ్ని మిగతా తొమ్మిదిమందీ కర్రలతో కొట్టి చంపాలి. క్రీ.పూ. 71లో స్పార్టకస్ నాయకత్వంలో లేచిన బానిసల తిరుగుబాటును అణచడానికి వెళ్లిన క్రాసస్, పారిపోయి వచ్చిన తన సైనికులకే ఈ శిక్ష వేశాడు. లాటిన్‌లో 'డెకిమస్' అంటే పదోది. 'డెసిమేట్' అక్కణ్నుంచే వచ్చింది.

ఇంగ్లీషులోకి వచ్చాక ఆ మాట ఒక్కచోటే కూర్చోలేదు. 1655లో ఆలివర్ క్రామ్‌వెల్ ప్రభుత్వం, అంతకుముందు రాజు పక్షాన నిలిచినవాళ్ల ఆదాయం మీద పదో వంతు పన్ను వేసింది. దాన్నీ 'డెసిమేషన్' అనే అన్నారు. అందులో చీట్లూ లేవు, చావులూ లేవు. పెద్ద ఎత్తున నాశనం చేయడమనే వాడుక కూడా ఆ 17వ శతాబ్దంలోనే మొదలైంది. తప్పని మనం చెప్పుకుంటున్న వాడుక వయసు మూడున్నర శతాబ్దాల పైమాటే. దానిమీద అభ్యంతరం మాత్రం 19వ శతాబ్దంలో గట్టిపడింది. మాటల వాడుక మీద 1870లో ఒక పుస్తకం తెచ్చిన అమెరికన్ రచయిత రిచర్డ్ గ్రాంట్ వైట్ అలా అభ్యంతరపెట్టినవాళ్లలో ముఖ్యుడు. వాడుక ముందు వచ్చింది, నిషేధం రెండు శతాబ్దాలు ఆలస్యంగా వచ్చింది.

మాట అలా జరగడానికి కారణం వెతకడం కష్టమేం కాదు. సరిగ్గా పదిమందిలో ఒకరు చావడం గురించి మాట్లాడుకునే అవసరం ఎవరికి పడుతుంది? ప్లేగు వచ్చి ఊళ్లు ఖాళీ అయితే, యుద్ధంలో దళాలు తుడిచిపెట్టుకుపోతే చెప్పుకోవడానికి మాత్రం ఒక మాట కావాలి. ఉన్న మాటను ఉన్న అవసరానికి వాడుకున్నారు.

శుద్ధమైన అర్థం ఉంటుందన్న ఆలోచన ఎలా పుట్టింది?

దీని వేరు గ్రీకుల దగ్గర ఉంది. పదాల పుట్టుకను చెప్పే శాస్త్రాన్ని 'ఎటిమాలజీ' అంటాం. గ్రీకులో 'ఎటుమోస్' అంటే నిజమైనది. మాట తొలి రూపాన్ని పట్టుకుంటే ఆ వస్తువు నిజస్వరూపమే దొరుకుతుందని వాళ్లు నమ్మారు. ఆ నమ్మకం శాస్త్రం పేరులోనే ఉండిపోయింది.

తర్వాత యూరప్‌లో చదువంటే లాటిన్ చదువే అయింది. రోజూ జనం నోట్లో నలిగే భాష కాదు కాబట్టి పుస్తకాల్లోని లాటిన్ పెద్దగా మారకుండా కనిపించేది. దాని పక్కన పెట్టి చూస్తే ఇంగ్లీషు నిలకడలేనిదిగా తోచింది. పండితులకు బెంగ పట్టుకుంది. 1583లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఒక అకాడమీ మొదలైంది. దాని పేరు 'క్రుస్కా', అంటే తౌడు. దాని గుర్తు జల్లెడ. భాషలోంచి తౌడు జల్లించేసి మంచి పిండి నిలుపుతామన్నది వాళ్ల సంకల్పం. 1635లో ఫ్రాన్స్ కూడా తన అకాడమీని పెట్టుకుంది. ఇంగ్లండుకు అలాంటిది లేదు. 1712లో జొనాథన్ స్విఫ్ట్, 'గలివర్స్ ట్రావెల్స్' రాసిన ఆయనే, అప్పటి ప్రభుత్వంలో పెద్దైన ఆక్స్‌ఫర్డ్ ప్రభువుకు ఒక ప్రతిపాదన రాశాడు. భాషను సరిదిద్ది, ఇక మారకుండా స్థిరపరచాలని కోరాడు. 'మాబ్' లాంటి పొట్టి మాటలంటే ఆయనకు ఒళ్లుమంట. 1714లో ఆన్ రాణి చనిపోయి రాజకీయాలు తారుమారయ్యాయి. ఆ అకాడమీ పుట్టనేలేదు. స్విఫ్ట్‌కు గిట్టని 'మాబ్' మాత్రం శుభ్రంగా బతికి ఉంది.

అర్థాల శుద్ధికి ముందే పదాల శుద్ధి ఉద్యమం ఒకటి నడిచింది. 16వ శతాబ్దంలో కేంబ్రిడ్జిలో గ్రీకు ఆచార్యుడైన సర్ జాన్ చీక్, ఇంగ్లీషును అప్పు మాటలు లేకుండా స్వచ్ఛంగా రాయాలని 1557లో ఒక మిత్రుడికి లేఖ రాశాడు. మత్తయి సువార్తను అనువదిస్తూ 'సెంచూరియన్'కు బదులు 'హండ్రెడర్', 'లూనటిక్'కు బదులు 'మూన్డ్' అని పెట్టాడు. ఆ లేఖలో స్వచ్ఛత కోసం ఆయన వాడిన 'ప్యూర్' అన్న మాటే ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో డోర్సెట్ కవి విలియం బార్న్స్ ఇదే దారి పట్టి, ఫొటోగ్రాఫ్‌ను 'సన్‌ప్రింట్' అందామన్నాడు. జనం నవ్వి ఊరుకున్నారు.

మూలార్థమే అసలర్థమైతే ఏం జరుగుతుంది?

ఒక్కసారి ఆ నియమాన్ని ఒప్పుకుని చూద్దాం. అలా అయితే ఎవరినీ 'నైస్' అనకూడదు. దాని మూలమైన లాటిన్ 'నెస్కియుస్'కు అర్థం ఏమీ తెలియనివాడు. 1300 ప్రాంతాల్లో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు 'నైస్' అంటే తెలివితక్కువవాడు. తర్వాత చాదస్తపు మనిషి, ఆ తర్వాత సున్నితమైనది, సూక్ష్మమైనది అయింది. 18వ శతాబ్దానికి బాగున్నది, మంచిది అన్న అర్థానికి చేరింది. జేన్ ఆస్టెన్ 'నార్త్‌యాంగర్ ఆబీ' నవలలో హెన్రీ టిల్నీ, ఈ కొత్త అర్థంలో 'నైస్' వాడినందుకు కథానాయికను ఆటపట్టిస్తాడు. అప్పటి పెద్దలకు అది చెడు వాడుక. ఇప్పుడు 'డెసిమేట్' మీద కోపగించుకునేవాళ్లే 'హ్యావ్ ఎ నైస్ డే' అని చేయి ఊపుతారు.

'సిల్లీ' ఇందుకు తిరగేసి నడిచింది. పాత ఇంగ్లీషులో 'సేలిగ్' అంటే ధన్యుడు, దైవకృప పొందినవాడు. ధన్యుడు అమాయకుడయ్యాడు, అమాయకుడు పాపం అనిపించుకున్నాడు, చివరికి బుర్రలేనివాడయ్యాడు. ఇంకా విచిత్రమైన జత ఒకటుంది. పాత ఇంగ్లీషులో 'క్నిహ్ట్' అన్నా, 'క్నఫా' అన్నా అబ్బాయే. ఒకటి 'నైట్' అయి గుర్రమెక్కి కత్తి పట్టి, సర్ అనిపించుకునే స్థాయికి వెళ్లింది. రెండోది 'నేవ్' అయి మోసగాడిగా దిగజారింది. ఎవరిది శుద్ధమైన అర్థం అంటారు? ఇద్దరూ ఒకప్పుడు పనులు చేసిపెట్టే కుర్రాళ్లే.

తెలుగువాళ్లం కాబట్టి మన వాటా కూడా చూసుకుందాం. ఇంగ్లీషు 'బాండికూట్' మన పందికొక్కే. తూర్పు తీరంలో గోదాముల చుట్టూ, పొలాల గట్ల మీద బొరియలు తవ్వే ఆ పెద్ద ఎలుక పేరును ఇంగ్లీషువాళ్లు మన నోటి నుంచి అందుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో కోసు మూతి, పొట్ట దగ్గర సంచిలో పిల్లల్ని పెంచే ఒక జంతువు కనిపిస్తే, చూడ్డానికి అలాగే ఉందని దానికీ ఆ పేరే పెట్టేశారు. ఆ జంతువు ఎలుక జాతిదే కాదు. 1996లో వచ్చిన 'క్రాష్ బాండికూట్' వీడియోగేమ్ ఆడిన పిల్లలకు బాండికూట్ అంటే ఆ ఆస్ట్రేలియా జీవే. మూలార్థమే శుద్ధమైతే మనం ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి జంతు శాస్త్రవేత్తలను నిలదీయాలి. మూలం మనదే కాబట్టి కేసు కూడా మన పక్షానే ఉంటుంది. కానీ అలాంటి కేసు వేస్తే ఎవరైనా నవ్వుతారు.

ఆ మాటకొస్తే సంస్కృతంలో 'అవసరం' అంటే తగిన సమయం, అవకాశం. హిందీలో ఇప్పటికీ ఆ అర్థమే. తెలుగులో మాత్రం అది కావలసిరావడం అయింది. 'శిక్ష' హిందీలో చదువు, మన దగ్గర దండన. ఢిల్లీలో శిక్షా విభాగం బోర్డు చూసి జైళ్ల శాఖ అనుకునే తెలుగువాడు ఉండొచ్చు గాని, తెలుగులో 'శిక్ష'ను తప్పుగా వాడుతున్నామని ఎవరూ అనరు.

పాత అణా బిళ్ల మీద రాజు బొమ్మ ఇప్పటికీ స్పష్టంగానే ఉంటుంది. దాన్ని కొట్టువాడికిస్తే ఉప్పు పొట్లం కూడా రాదు. మూలార్థం అలాంటిదే. అది ఉందన్నది చరిత్ర, అది చెల్లుతుందా అన్నది వేరే సంగతి.

అసలు అర్థాలు ఎందుకు మారతాయి?

జనం అజాగ్రత్త వల్ల మారతాయని శుద్ధివాదులు అంటారు. నిజానికి చాలా మార్పులకు గట్టి కారణాలున్నాయి.

మొదటిది, కొత్త మాట వచ్చి పాత మాటను పక్కకు నెట్టడం. పాత ఇంగ్లీషులో 'స్టెయోర్‌ఫాన్' అంటే చనిపోవడం. జర్మన్‌లో 'స్టెర్బెన్' ఇప్పటికీ అదే. ఉత్తరాది వైకింగుల భాష ప్రభావంతో 'డై' స్థిరపడ్డాక పాత మాటకు పని తగ్గింది. అది ఆకలితో చావడానికి పరిమితమై ఇవాళ్టి 'స్టార్వ్' అయింది. 'డీర్' ఒకప్పుడు ఏ జంతువైనా కావచ్చు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి నుంచి 'బీస్ట్', తర్వాత 'యానిమల్' వచ్చి ఆ చోటు ఆక్రమించాయి. 'డీర్' జింకకు మాత్రమే మిగిలింది. మాటలు చోటు సర్దుకున్నాయంతే.

'మీట్' కథ మన ఇళ్లకు ఇంకా దగ్గర. అది మొదట్లో ఏ ఆహారమైనా సరే. అందుకే మిఠాయిని 'స్వీట్‌మీట్' అంటారు. అందులో మాంసం వెతకనక్కర్లేదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో లేవీయకాండం రెండో అధ్యాయం తెరిస్తే 'మీట్ ఆఫరింగ్' అని కనిపిస్తుంది. అది గోధుమపిండి, నూనె, సాంబ్రాణితో చేసే అర్పణ, అందులో మాంసం ముక్క లేదు. తెలుగు బైబిల్లో దాన్ని నైవేద్యం అన్నారు. అర్థం సంకుచితమైపోయి చదివేవాళ్లు తికమకపడుతున్నారని 1885 నాటి సవరించిన ఇంగ్లీషు బైబిల్లో దాన్ని 'మీల్ ఆఫరింగ్'గా మార్చారు. పవిత్ర గ్రంథంలో కూడా పాత అర్థాన్ని పట్టుకుని కూర్చోలేదు, చదువరికి అందే అర్థానికే ఓటేశారు.

రెండో కారణం మర్యాద. చెడ్డదాన్ని చెడ్డ మాటతో చెప్పడానికి మొహమాటపడి మామూలు మాట వాడతాం. వాడగా వాడగా చెడు ఆ మాటకే అంటుకుంటుంది. పాత ఇంగ్లీషులో పువ్వు కూడా 'స్టింక్' కావచ్చు. ఆ క్రియకు అర్థం వాసన రావడమే, మంచిదైనా చెడ్డదైనా. ఇప్పుడది దుర్వాసనకే. మన 'కంపు' కూడా సరిగ్గా ఇలాగే నడిచింది. పాత తెలుగులో కంపు అంటే వాసన. పక్కనున్న కన్నడంలో అది ఇప్పటికీ పరిమళమే. ఇక 'వాసన' కూడా అదే దారిలో ఉంది. 'ఈ గదిలో ఏదో వాసన వస్తోంది' అని ఎవరైనా అంటే మల్లెపూల కోసం చూస్తామా, చచ్చిన ఎలుక కోసం వెతుకుతామా?

మూడోది, రెండు మాటలు ఒకే రూపానికి రావడం. పాత ఇంగ్లీషులో 'లేటాన్' అంటే వదలడం, అనుమతించడం. 'లెట్టాన్' అంటే అడ్డుకోవడం. కాలక్రమంలో రెండూ 'లెట్' అయిపోయాయి. ఒకే మాటకు పోనివ్వు, ఆపు అన్న రెండు ఎదురర్థాలు! ఇలాంటి గొడవలో ఒకటి తప్పుకోక తప్పదు. అడ్డుకోవడమనే అర్థం తప్పుకుంది. కానీ మీ భారత పాస్‌పోర్టు తెరిచి రాష్ట్రపతి పేరుమీద ఉన్న అభ్యర్థన చదవండి. 'వితవుట్ లెట్ ఆర్ హిండ్రన్స్' అని ఉంటుంది. అంటే అడ్డూ ఆటంకమూ లేకుండా. టెన్నిస్‌లో సర్వ్ చేసిన బంతి నెట్‌కు తగిలి అవతల పడితే 'లెట్' అనడం కూడా ఆ అడ్డే. భాష ఒక అర్థాన్ని వదిలేసినా దాని తునకలు ఇలా అక్కడక్కడా మిగిలిపోతాయి.

డిక్షనరీలు అర్థాన్ని నిర్ణయించవా?

నిర్ణయిద్దామనే బయల్దేరాయి. శామ్యూల్ జాన్సన్ 1747లో తన నిఘంటువు ప్రణాళిక ప్రకటించినప్పుడు భాషను స్థిరపరచాలన్న ఆశ ఆయనకూ ఉంది. ఎనిమిదేళ్లు పదాలతో కుస్తీ పట్టాక, 1755లో వచ్చిన నిఘంటువు ముందుమాటలో ఆ ఆశ అయ్యేపని కాదని తానే రాశాడు. మనుషులు ముసలివాళ్లై చనిపోతుంటే ఆపలేనప్పుడు, మాటలను మాత్రం మారకుండా భద్రపరుస్తామనుకునే నిఘంటుకారుడు నవ్వులపాలవుతాడన్నది ఆయన వాదన. భాషను నిలబెట్టాలని కోరుకున్న మనిషే పని చేసి చూసి ఒప్పుకున్న మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

1857లో రిచర్డ్ షెనెవిక్స్ ట్రెంచ్ లండన్ ఫిలలాజికల్ సొసైటీలో మాట్లాడుతూ నిఘంటుకారుడు చరిత్రకారుడే గాని తీర్పరి కాడన్నాడు. ఆ సూత్రం మీదే ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ నడిచింది. 1879లో జేమ్స్ మర్రే సంపాదకుడయ్యాడు. ఇంటి ఆవరణలో వేయించుకున్న ఇనుప రేకుల షెడ్డులో కూర్చుని పనిచేశాడు. దేశదేశాల నుంచి వాలంటీర్లు చీటీలు పంపేవారు. చీటీ మీద ఒక మాట, అది కనబడిన వాక్యం, ఆ పుస్తకం పేరు, సంవత్సరం. ఒక మాటకు వచ్చిన చీటీలన్నీ కాలక్రమంలో పేర్చితే, అర్థం ఎప్పుడు ఎటు జరిగిందో కళ్లెదుటే కనిపిస్తుంది. తొలి భాగం 1884లో వచ్చింది. 1915లో మర్రే కన్నుమూశాడు. పని 1928లో పూర్తయింది.

ఆ చీటీలు శుద్ధివాదుల్ని చాలాసార్లు ఇరుకున పెట్టాయి. 'డిసిన్‌టరెస్టెడ్' తీసుకోండి. దానికి నిష్పాక్షికం అన్న అర్థమే సరైనదని, ఆసక్తి లేని అన్న అర్థంలో వాడటం ఈ మధ్య వచ్చిన తెగులని ఇంగ్లీషు శైలి పుస్తకాలు హెచ్చరిస్తుంటాయి. రికార్డులు తీస్తే 17వ శతాబ్దంలో ముందుగా కనిపించేది ఆసక్తి లేని అన్న అర్థమే. నిష్పాక్షికం అన్నది తర్వాత వచ్చింది. పాతదే శుద్ధమనే నియమం ఇక్కడ పెట్టినవాళ్లకే ఎదురు తిరిగింది. 'లిటరల్లీ' సంగతీ అంతే. అతిశయోక్తికి ఊతంగా దాన్ని వాడటాన్ని డిక్షనరీలు ఒప్పేసుకున్నాయని 2013లో పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1876లోనే మార్క్ ట్వేన్ 'టామ్ సాయర్'లో అలా వాడాడు. 1909 నాటి వెబ్‌స్టర్ డిక్షనరీ ఆ వాడుకను అప్పుడే నమోదు చేసింది.

1961లో అమెరికాలో ఇంకా పెద్ద గొడవ జరిగింది. ఫిలిప్ గోవ్ సంపాదకత్వంలో వచ్చిన వెబ్‌స్టర్ మూడో అంతర్జాతీయ నిఘంటువు జనం వాడుకను ఉన్నదున్నట్టు రాసి, ఇది తప్పు, ఇది నీచం అనే ముద్రలు తగ్గించింది. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయమే దాన్ని దుయ్యబట్టింది. పోటీగా 1969లో అమెరికన్ హెరిటేజ్ డిక్షనరీ వచ్చింది. వివాదాస్పద వాడుకల మీద ఓటు వేయడానికి సుమారు వందమంది రచయితలు, సంపాదకులతో ఒక ప్యానెల్ పెట్టింది. 'కాంటాక్ట్' అన్న మాటను క్రియగా, అంటే మనం రోజూ 'కాంటాక్ట్ చేయండి' అంటున్నట్టు, వాడొచ్చా అని అడిగితే 1969లో ఒప్పుకున్నది 34 శాతం. 2004లో 94 శాతం. శుద్ధిని కాపాడటానికి పిలిచిన పెద్దలే 35 ఏళ్లలో అభిప్రాయం మార్చుకున్నారు.

అయితే ఎవరికి తోచిన అర్థం వారు వాడుకోవచ్చా?

కుదరదు. అర్థం మూలంలో లేదంటే ఎక్కడా లేదని కాదు. మాట్లాడేవాళ్ల మధ్య ఉన్న ఒప్పందంలో ఉంది. ఆ ఒప్పందానికి డబ్బు విలువ కూడా ఉంటుందని ఒక కోర్టు కేసు చూపించింది. 1883 నాటి అమెరికా చట్టం ప్రకారం దిగుమతి చేసుకునే కూరగాయల మీద 10 శాతం సుంకం, పళ్ల మీద సుంకం లేదు. 1886లో వెస్టిండీస్ నుంచి న్యూయార్క్‌కు టమాటాలు తెప్పించిన నిక్స్ అనే వ్యాపారి మీద రేవు అధికారి హెడెన్ సుంకం వేశాడు. టమాటా పండు కదా అని నిక్స్ కోర్టుకెక్కాడు. విచారణలో లాయర్లు డిక్షనరీలు తెచ్చి పండు, కూరగాయ, టమాటా, వంకాయ, దోసకాయ, బంగాళాదుంప మొదలైన మాటల అర్థాలు ఒక్కొక్కటే చదివారు. 1893లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: వృక్షశాస్త్రం ప్రకారం టమాటా పండే, కానీ జనం దాన్ని పెరట్లో పెంచి భోజనంలో తింటారు గాని భోజనం చివర పండులా తినరు. కాబట్టి చట్టం లెక్కలో అది కూరగాయే. నిక్స్ కట్టిన సుంకం వెనక్కి రాలేదు. శాస్త్రంలోని అర్థం తప్పని కోర్టు అనలేదు. వ్యాపార చట్టం ఎవరి భాషలో రాశారో ఆ భాషలోనే చదవాలంది. ఒకే మాటకు తరగతి గదిలో ఒక ఒప్పందం, బజారులో ఇంకొకటి ఉండవచ్చు.

ఒప్పందం చెడితే ప్రాణం మీదికి కూడా వస్తుంది. మన రోడ్ల మీద పెట్రోలు ట్యాంకర్ల వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. లాటిన్ మూలంలో ఆ 'ఇన్' అంటే లోపల, అంటుకునేలా అన్న బలం. కానీ 'ఇన్‌విజిబుల్' కనిపించనిది, 'ఇన్‌కంప్లీట్' పూర్తికానిది అయినప్పుడు, 'ఇన్‌ఫ్లేమబుల్' మండనిది అని ఎవరైనా పొరబడితే వాళ్ల తప్పేముంది? 1920లలో అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంఘం 'ఫ్లేమబుల్' అనే వాడమని ప్రచారం చేసింది. మూలం దృష్టితో చూస్తే పాత మాటే నిక్కచ్చి. ప్రాణాల దృష్టితో చూస్తే కొత్తదే మేలు.

శుద్ధివాదుల బాధలో న్యాయం లేదా?

కొంత ఉంది. ఒక మాట మీద అందరూ ఎగబడి దాన్ని ఉత్త పొగడ్తగానో, ఉత్త తిట్టుగానో మార్చేస్తే, అది చెప్పగలిగిన సన్నని తేడా పోతుంది. 'ఆఫుల్' ఒకప్పుడు భయభక్తులతో ఒళ్లు గగుర్పొడవడం. ఇప్పుడు కాఫీ బాగోకపోయినా ఆఫులే. సి.ఎస్. లూయిస్ 1960లో తెచ్చిన 'స్టడీస్ ఇన్ వర్డ్స్' పుస్తకంలో దీన్ని పదహత్య అన్నాడు. నిష్పాక్షికత చెప్పడానికి ఒక చక్కని మాట ఉండి, అది ఆసక్తి లేకపోవడంతో కలిసిపోతే నష్టమే. ఆ నష్టాన్ని గమనించి తన రాతలో తేడా నిలుపుకునే రచయితది చాదస్తం కాదు, శ్రద్ధ.

కానీ ఆ శ్రద్ధను ఎదుటివాడి చదువును, పుట్టుకను తక్కువ చేయడానికి వాడుకున్నప్పుడే పేచీ. వెబ్‌స్టర్ మూడో నిఘంటువు మీద లేచిన కోపంలో సగం 'ఎయింట్' అనే మాట గురించే. అది వాడేది ఎక్కువగా కూలీనాలీ చేసుకునేవాళ్లు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడినప్పుడు మన దగ్గర వచ్చిన అభ్యంతరాల్లోనూ ఈ ధ్వని ఉంది. భాష పాడవుతోందన్న ఫిర్యాదు విన్నప్పుడు, పాడుచేస్తున్నది ఎవరంటున్నారో కూడా వినాలి.

మరి మనం ఎలా వాడాలి?

అనుమానం వచ్చిన మాట దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇప్పుడు చదివేవాళ్లలో ఎక్కువమంది దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు? ఇది ఎక్కడ రాస్తున్నాను, చట్టంలోనా, వైద్యంలోనా, స్నేహితుడి వాట్సాప్‌లోనా? పొరబాటు పడితే ఎవరికి నష్టం?

ఈ లెక్కన 'డెసిమేట్'ను భారీ నష్టానికి నిస్సంకోచంగా వాడొచ్చు. కానీ '40 శాతం డెసిమేట్ అయింది' అని అంకె జోడించకండి. చదివేవాడు పదో వంతు కథ గుర్తుచేసుకుని అక్కడే ఆగిపోతాడు. 'హోప్‌ఫుల్లీ' అని వాక్యం మొదలుపెట్టొచ్చు. అసోసియేటెడ్ ప్రెస్ శైలి పుస్తకం 2012లో దాన్ని ఒప్పుకుంది. మీటింగును 'ప్రీపోన్' చేశామని హైదరాబాద్ ఆఫీసులో రాయొచ్చు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీల్లోకీ ఆ మాట ఎక్కింది. లండన్ క్లయింటుకు మాత్రం మీటింగు ముందుకు జరిపిన తేదీ విడిగా రాయండి. 'డిసిన్‌టరెస్టెడ్' లాంటి రెండంచుల మాట ఒప్పంద పత్రంలో వచ్చే పనైతే దాన్ని వదిలేసి 'ఇంపార్షియల్' రాయడం మేలు. పరీక్షలో మాస్టారు పాత అర్థమే అడిగితే అది రాసి మార్కులు తెచ్చుకోండి, ఆ కథ తెలుసుకోవడం వృథా కాదు.

మాట పుట్టుక తెలుసుకుంటే దాని చరిత్ర తెలుస్తుంది. దాని అర్థం తెలియాలంటే మాత్రం ఇప్పుడు దాన్ని వాడుతున్నవాళ్ల దగ్గరికే వెళ్లాలి.